గళ్ల మనిషి నడక

వినోద మా దుకాణంలో మనుషులను నడుము దగ్గర కోసే పని చేస్తుంది. భయపడకండి, కంప్యూటర్‌లోనే. మాది ఫ్లెక్సీల దుకాణం. ఆర్మూర్‌లో పుట్టినరోజైనా, వర్ధంతైనా, ఎలక్షనైనా, పసుపు పంటకు కొత్త మందు వచ్చినా ముందు నా దగ్గరికే వస్తారు. ఫోన్‌లో ఒక ఫోటో పంపుతారు. ఆ ఫోటోలో మనిషి పెళ్లి భోజనాల దగ్గర నిలబడి ఉంటాడు, చేతిలో ప్లేటు ఉంటుంది, భుజం మీద బావమరిది చెయ్యి ఉంటుంది. వినోద ఆ ప్లేటు తీసేయాలి, బావమరిది చెయ్యి తీసేయాలి, తలను మెడ దాకా కోసి మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న ఒక తెల్లచొక్కా ఒంటికి అతికించాలి. ఆ ఒళ్లు నడుము దాకే ఉంటుంది. చేతులు జోడించి ఉంటాయి. ఈ ఊళ్లో సగం మంది పెద్దమనుషులకు మా దుకాణంలో ఒకటే ఒళ్లు. నా కాళ్లేవయ్యా అని ఇన్నేళ్లలో ఒక్కడూ అడగలేదు.

నా పేరు గంగాదాస్. నాకు నోటి దురుసు ఎక్కువని బజారంతా అంటుంది. బజారంతా ఒక్క పూట వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. నల్లగా ఉన్నవాడు తెల్లగా చేయమంటాడు, బట్టతలవాడు జుట్టు పెట్టమంటాడు, పొద్దున్నే కట్టాల్సిన ఫ్లెక్సీ సంగతి చీకటి పడ్డాక వచ్చి చెబుతాడు. వాళ్లందరినీ నేను తిడతాను. వినోద మాత్రం తలెత్తకుండా అడిగినవన్నీ చేసిపెడుతుంది. తప్పు చూపిస్తే దిద్దుతుంది. ఎందుకని అడగదు. ఆ ఓపిక చూస్తే ఒక్కోసారి నాకే విసుగొస్తుంది.

ఆమె మొగుడు డేవిడ్ కూడా ఒకప్పుడు నా దగ్గరే పనిచేశాడు. మేం అచ్చు వేసిన ఫ్లెక్సీలను స్తంభాలకు కట్టడం అతని పని. చెప్పులు కింద విడిచి ఎక్కాడంటే పైన తీగలు, కింద లారీలు, ఏదీ లెక్కచేసేవాడు కాదు. కూతురు రూత్ గోడ పట్టుకొని నిలబడే వయసులో ఉన్నప్పుడు గల్ఫ్ పోయాడు. చెప్పిన పని ఒకటి, అక్కడ పెట్టిన పని ఒకటి. జీతం సరిగ్గా ఇవ్వలేదు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. ఒకరోజు కంపెనీ వదిలి బయటపడ్డాడు. అలాంటివాణ్ని మా దగ్గర ఖల్లివల్లి అంటారు. కాగితాలు లేకుండా, దొరికిన పని చేసుకుంటూ, పోలీసును చూస్తే సందులోకి తప్పుకుంటూ బతికేవాడు. దొరికితే జైలు. తనంతట తాను వస్తానన్నా జరిమానా కట్టాలి. అందుకే రూత్ నాలుగో తరగతికి వచ్చినా తండ్రి ఇల్లు చూడలేదు.

ఈ చలికాలంలో డేవిడ్ ఉన్న దేశం వాళ్లు క్షమాభిక్ష ప్రకటించారు. కాగితాలు లేనివాళ్లు మార్చి నెలాఖరులోగా పాస్‌పోర్టుకు బదులు ఇచ్చే ఔట్‌పాస్ తీసుకొని వెళ్లిపోతే జరిమానా లేదు, జైలు లేదు. గడువు దాటితే మళ్లీ పాత కథే. ఆ వార్త వచ్చిన రోజు వినోద దుకాణంలోకి నవ్వుకుంటూ వచ్చింది. ఆమె పళ్లు నేను సరిగ్గా చూసింది ఆ రోజే. డేవిడ్ ఫోన్‌లో "వస్త, వస్త, వచ్చేవారం పోయి దరఖాస్తు ఇస్త" అన్నాడట. నేను కూడా ఊరుకోకుండా "రానీ చెల్లె, వాని స్తంభాలు వానికే ఉన్నయి" అన్నాను.

అక్కడినుంచే ఈ గళ్ల బొమ్మ గోల మొదలైంది. రూత్ ఫోన్‌లో ఒక ఆట ఆడుతుంది. అందులో మనుషులు, చెట్లు, కుక్కలు, అన్నీ చిన్న చిన్న చదరపు గళ్లతో కట్టినట్టు ఉంటాయి. వాటిని పిక్సెల్ బొమ్మలంటారని, ఒక్కో గడికి రంగు నింపుకుంటూ పోతే మనిషి తయారవుతాడని వినోద యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఫోన్ ఒళ్లో పెట్టుకొని వేలితో గళ్లు నింపడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తున్నవ్ చెల్లె? బీడీలు చుట్టినట్టు ఒక్కటే వంచిన తల ఎత్తుతలేవ్" అన్నాను.

"రూత్ వాళ్ల డాడీని చేస్తున్న అన్నా."

"ఎందుకు? మనిషే వస్తుండు గదా."

ఆమె వేలు ఆపకుండానే చెప్పింది. "పిల్లకు డాడీ అంటే ఫోన్ల మొకమే. రేపు మనిషి వచ్చి గడపల నిలబడితే బెదురుతది. ముందుగాల్నే అలవాటు కావాలె గదన్నా."

జితేందర్ అని మా దుకాణంలోనే డిజైనింగ్ నేర్చుకున్న పిల్లవాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఫోన్ ఆటలు తయారుచేసే చోట పనిచేస్తున్నాడు. వాడు ఆమెకు మాట ఇచ్చాడట. మనిషిని నువ్వు గీసి పంపితే, నేను ఆటలో పెట్టి నడిపిస్తాను, ఆర్మూర్ బస్టాండ్ నుంచి మీ గల్లీ దాకా రోడ్డు వేస్తాను, రూత్ మీట నొక్కుతుంటే డాడీ నడుచుకుంటూ ఇంటికి వస్తాడు అని. వినడానికి పిల్లల ముచ్చటలాగే ఉంది. కానీ ఆమె దాన్ని చర్చి పనంత శ్రద్ధగా పట్టుకుంది.

మొదటి బొమ్మ పూర్తయిన రోజు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. చూశాను. నవ్వు ఆపుకోలేకపోయాను. తెల్లచొక్కా, జోడించిన చేతులు, తల వెనుక గుండ్రంగా పసుపు వెలుగు. నడుము దాకా ఉన్నాడు, అక్కడితో అయిపోయాడు.

"గిదెవరు? వార్డు మెంబర్‌కు నిలబడుతున్నడా డేవిడ్?" అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. ఫోన్ తీసుకొని తనూ చూసుకుంది. ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటు, వేలు తనంతట తానే మనిషిని నడుము దగ్గర ఆపేసింది. పైగా ఫోన్‌లో డేవిడ్ కనిపించేదీ అంతవరకే. మంచం మీద కూర్చొని, ఫోన్ ఎదురుగా పట్టుకొని, గడ్డం నుంచి ఛాతీ దాకా. మొగుడంటే ఆమెకూ అంతే మిగిలింది. నేను నవ్వకుండా ఉండాల్సింది, కానీ నవ్వొచ్చింది, ఏం చేస్తాం.

జితేందర్ వాయిస్ మెసేజ్ పంపాడు. దుకాణంలో అందరికీ వినబడేటట్టు పెట్టింది. "అక్కా, ఫస్ట్ బొమ్మకు మంచిగనే ఉంది. కానీ రంగులు మస్తు ఎక్కువైనయి. ఒక్క మొకానికే గన్ని రంగులు అవసరం లేదు, రెండు మూడు చాలు. వెలుగు ఒక దిక్కు నుంచే పడాలె, నువ్వు రెండు దిక్కుల నుంచి పెట్టినవ్. వెనుక గా చక్రం తీసెయ్. చేతులు విడిపియ్యి అక్కా, దండం పెట్టుకుంట బస్టాండ్ నుంచి ఇంటిదాకా ఎట్ల వస్తడు? ఇంకోటి, కాళ్లు పెట్టు. కాళ్లు లేనిది ఆట లేదు."

వినోద అన్నీ దిద్దింది. చక్రం తీసేసింది, చేతులు విడిపించింది, రంగులు తగ్గించింది, కాళ్లు పెట్టింది. నల్ల ప్యాంటు, నల్ల బూట్లు. అడుగుకొక బొమ్మ చొప్పున గీసి, ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తే మనిషి నడిచినట్టు కనబడుతుంది. ఆడించి చూపించింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. బాగానే నడుస్తున్నాడనుకున్నాను నేను.

జితేందర్ అనుకోలేదు. ఈసారి ఫోనే చేశాడు. "అక్కా, గిట్ల ఎవలైనా నడుస్తరు. బ్యాంక్ ముంగట వాచ్‌మన్ లెక్క నడుస్తుండు. బొమ్మల మొకం గింతంత ఉంటది, కండ్లు రెండు గళ్లు, ముక్కు ఒక గడి. దాన్ని చూసి ఎవ్వలు గుర్తువట్టరు. నడకను చూసే గుర్తువడతరు. బావ ఎట్ల నడుస్తడో గట్ల గియ్యి."

"సరే" అని ఫోన్ పెట్టేసింది. ఆ పూటంతా ఒక్క గడి కూడా నింపలేదు. సాయంత్రం సంచీ భుజానికేసుకొని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"అన్నా, ఆయన ఎట్ల నడుస్తడో నాకు యాదికస్తలేదు."

మెల్లగా చెప్పింది, ఏదో పోగొట్టుకొని వచ్చినట్టు. "నవ్వు యాదికుంది. అన్నం ఎట్ల కలుపుతడో యాదికుంది. నడక వస్తలేదు. ఎంత అనుకున్నా వస్తలేదు."

నేను గుర్తు చేసుకోబోయాను. నాకూ రాలేదు. నేనెప్పుడూ కింద నిలబడి నిచ్చెన పట్టుకునేవాణ్ని, అతను పైన ఉండేవాడు. నాకు గుర్తున్నవి అతని అరికాళ్లు. పెళ్లి వీడియో చూడమన్నాను. అందులో మొదటినుంచి చివరిదాకా కుర్చీలో కూర్చొనే ఉన్నాడట. అత్త ఆశమ్మను అడిగింది. ఆమె బీడీల చాట ఒళ్లో పెట్టుకొని, ఆకు కత్తిరిస్తూనే "ఎట్ల నడుస్తడు? వాళ్ల నాయిన లెక్క నడుస్తడు" అందట. మామ చనిపోయిన తర్వాతే వినోద ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఇక ఎవరిని అడగాలి?

డేవిడ్‌నే అడిగింది. ఫోన్ ఎక్కడైనా ఆనించి గదిలో ఇటునుంచి అటు నడిచి చూపించమని. ఇంతోటి దానికి అతను ఎన్ని సాకులు చెప్పాడో. గది ఇరుకన్నాడు. పక్క మంచాలవాళ్లు పడుకున్నారన్నాడు. చార్జింగ్ లేదన్నాడు. నెట్ ఆగుతోందన్నాడు. ఔట్‌పాస్ దరఖాస్తు ఏమైందని అడిగినా అదే వరస, అక్కడ లైను పెద్దగా ఉంది, వచ్చేవారం, ఆ పైవారం. మార్చి సగం అయిపోయింది. బజారు నిండా పసుపు లారీలు, ఎండు కొమ్ముల దుమ్ము మా ఫ్లెక్సీ మిషన్ మీద కూడా పేరుకుపోతోంది. నాకు ఒళ్లు మండింది. నాలుగడుగులు నడవడానికి అంత సిగ్గేమిటి మొగాడికి?

ఒంటిపూట బడులు పెట్టారు కాబట్టి రూత్ మధ్యాహ్నం దుకాణానికే వచ్చేది. ఒకరోజు నేనే అన్నాను, ఇక్కడ వైఫై ఉంది, పెద్ద తెర ఉంది, ఇక్కడినుంచే చెయ్యి, పిల్లతో అడిగించు, వాడెలా కాదంటాడో చూస్తాను అని. వినోద ఫోన్ కలిపి పెద్ద తెర మీద పెట్టింది. డేవిడ్ వచ్చాడు. గడ్డం, మెడ, బనీను. నన్ను చూసి "అన్నా, మంచిగున్నవా" అన్నాడు.

"నేను మంచిగనే ఉన్న. నువ్వు లేచి నడువ్ జర. ఇక్కడ మీ ఇంటామె నీ నడక గురించి పరేషాన్ అయితుంది" అన్నాను.

నవ్వాడు. "తర్వాత అన్నా, ఇప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన" అన్నాడు.

రూత్ బల్ల మీదికి ఎక్కి తెరకు మొహం దగ్గరగా పెట్టింది. "డాడీ, నడువు. ఒక్కసారి. ఆటల పెడతం."

అతను కాసేపు పిల్లనే చూశాడు. తర్వాత తెర ఊగింది, పైకప్పు కనబడింది, ఫోన్‌ను నేల మీద ఒక బకెట్టుకు ఆనించాడు. ఇప్పుడు మొహం లేదు. నడుము నుంచి కింద మాత్రమే కనబడుతున్నాడు. కొత్త ప్యాంటు వేసుకున్నాడు. రెండు వైపులా మూడంతస్తుల ఇనుప మంచాలు, మధ్యలో సన్నటి దారి.

నడిచాడు. ఎడమ కాలు ముందుకు వేశాడు. కుడి కాలు మోకాలి దగ్గర వంగలేదు. నడుమును పక్కకు తిప్పి, ఆ కాలును గుండ్రంగా ఈడ్చి ముందుకు తెచ్చుకున్నాడు. ఒక చేత్తో మంచం కమ్మీ పట్టుకున్నాడు. మళ్లీ ఎడమ, మళ్లీ ఈడ్పు. తలుపు దాకా పోవడానికి చాలాసేపు పట్టింది.

రూత్ పకపకా నవ్వింది. "డాడీ యాక్టింగ్ చేస్తుండు" అని చప్పట్లు కొట్టింది. "మల్ల నడువు డాడీ, మల్లొకసారి."

అతను వెనక్కి తిరిగాడు. పిల్ల అడిగింది కదా, మళ్లీ నడిచాడు.

నేను రూత్ చేతిలో డబ్బులు పెట్టి పక్క దుకాణంలో ఏదైనా కొనుక్కోమని పంపించాను. అప్పటికి డేవిడ్ మంచం మీద కూర్చొని ఫోన్ మళ్లీ మొహం దగ్గర పెట్టుకున్నాడు.

"పోయిన రంజాన్‌కు ముందు" అన్నాడు. "మూడో అంతస్తు నుంచి పడ్డ. దవాఖానకు పోతే కాగితాలు అడుగుతరు. రూమోళ్లే కట్టెలు పెట్టి కట్టిండ్రు. గట్లనే అతుక్కుంది."

"ఏడాది దాటింది" అంది వినోద. "ఏడాది నుంచి రోజూ మాట్లాడుతున్నరు గద."

"చెప్తె ఏం జేస్తువు? ఏడుస్తువు."

"రాండ్రి" అంది. "గా కాలుతోనే రాండ్రి. నిమ్స్‌ల చూపిద్దాం, గాంధీల చూపిద్దాం. నేను పనిచేస్తున్న గద. క్షమాభిక్ష ఉంది గద."

"వచ్చి?" అన్నాడు డేవిడ్. కోపంగా కాదు, ఊరికే అడిగినట్టు. "ఇక్కడ గోదాంల కూసోని బట్టలకు స్టిక్కర్లు అంటిస్తున్న. కూసోని చేసే పని. అక్కడ నాకు కూసోని చేసే పని ఏముంది? అమ్మ పక్కన చాట పట్టుకొని కూసుంటనా? అన్నా, నువ్వే చెప్పు. స్తంభం ఎక్కుతనా?"

"స్తంభమేంది, కౌంటర్ మీద కూసో. నేను కూసోబెడ్త" అన్నాను. ఆలోచించకుండానే అన్నాను, కానీ మనస్ఫూర్తిగానే అన్నాను.

నవ్వాడు. "కౌంటర్ మీద నువ్వు కూసుంటవ్ గదన్నా. నువ్వెక్కడ కూసుంటవ్?"

మా దుకాణంలో ఒక కౌంటర్, ఒక కంప్యూటర్. కంప్యూటర్ ముందు అతని పెళ్లామే కూర్చుంటుంది. గిరాకీ ఎలా ఉందో అతనికీ తెలుసు, ఇప్పుడు అందరూ ఫోన్లలోనే శుభాకాంక్షలు చెప్పుకుంటున్నారు. బజారు నిండా నా నోటికి భయపడతారు. ఆ రోజు ఆ నోరు ఎక్కడ పోయిందో తెలియదు.

ఇంటికి వెళ్లాక వినోద పిల్లకు నిజం చెప్పింది. అది యాక్టింగ్ కాదు బిడ్డా, డాడీ కాలు నిజంగానే అట్లుంది, ఆటల గూడ అట్లనే గీస్త అని. రూత్ ఆ రాత్రి అన్నం తినలేదట.

ఆ తర్వాత వినోద నడకను మళ్లీ మొదటినుంచి గీసింది. ఈసారి నేను పక్కన నిలబడి చూశాను. ఎడమ అడుగు ముందుకు. కుడి కాలు గళ్లు నిటారుగా, అడుగు అడుగుకూ ఒక్కో గడి పక్కకు జరుగుతూ గుండ్రంగా తిరిగి రావాలి. నడుము ఒక గడి వంగాలి, ఎడమ భుజం ఒక గడి లేవాలి. పది సార్లు చెరిపి పది సార్లు గీసింది. మధ్యలో ముక్కు చీదుకోవడం వినిపించింది, నేను కంప్యూటర్ వైపు చూసినట్టు నటించాను. చివరికి ఆడిస్తే, అబ్బ! చొక్కా రంగు మారినా, మొహం చెరిపేసినా, ఆ తెరలో ఉన్నది డేవిడే. మా ఫ్లెక్సీల మీద వందల మందిని నిలబెట్టాం, ఒక్కణ్నీ ఇంత నిజంగా చేయలేదు.

జితేందర్‌కు సంగతి తెలియదు. సంబరంగా ఆటను తయారుచేసి పంపాడు. "అక్కా, ఇప్పుడు సూపర్ వచ్చింది. చానా మంచిగ నేర్చుకున్నవ్. కుడికాలొక్కటే గళ్లల్ల ఇరుక్కపోయింది, గది నేనే సక్క చేసిన, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆటలో మనిషి రెండు కాళ్లతో టకటకా నడుస్తున్నాడు.

వినోద వాడికి ఫోన్ చేసింది. "సక్క చెయ్యకు తమ్మీ. నేను గీసినట్టే ఉంచు."

వాడేదో చెప్పబోయాడు. మనవాడే కదా, అర్థం చేసుకున్నాడు. "సరే అక్కా" అని అంతే అన్నాడు. మర్నాడు రెండోది వచ్చింది. బస్టాండ్, చౌరస్తా, వెనుక నల్లరాళ్ల గుట్ట, పసుపు బస్తాల లారీ, గల్లీ, అరుగు మీద చాటతో ఆశమ్మ. మనిషి కాలీడ్చుకుంటూ ఆ దారంతా వస్తాడు. ఇంటి ముందుకు రాగానే తలుపు తెరుచుకుంటుంది, రెండు జడల పిల్ల బయటికి వస్తుంది.

వినోద దాన్ని డేవిడ్‌కు పంపింది. పక్కనే ఉన్నాను కాబట్టి ఆమె మాట కూడా విన్నాను. "గిట్లనే రాండ్రి" అంది. "మేం చూసినం. మాకు ఇది ఎక్కువ కాదు. గిట్లనే రాండ్రి."

రెండు నీలం గీతలు పడ్డాయి. అతను చూశాడు. జవాబు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తడు. వినోద పని చేస్తూనే ఉంది, ఫోన్ మాత్రం కీబోర్డు పక్కనే, తెర పైకి పెట్టుకొని. ఎవరిదో వర్ధంతి ఫ్లెక్సీలో పుట్టినరోజు శుభాకాంక్షలని పెట్టింది. అచ్చుకు పోయే ముందు నేను చూడబట్టి సరిపోయింది, లేకపోతే మా ఇద్దరినీ స్తంభానికి కట్టేవాళ్లు. ఆమెను ఏమీ అనలేదు. నాకే ఆశ్చర్యం.

గడువు ఇంకా రెండు రోజులుందనగా వాయిస్ మెసేజ్ వచ్చింది. వినోద చెవి దగ్గర పెట్టుకొని విన్నది. మళ్లీ విన్నది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టింది.

"వినోదా, చూసిన" అంటున్నాడు డేవిడ్. "మంచిగ చేసినవ్. మస్తు మంచిగ చేసినవ్. రూమోళ్లకు అందరికి చూపించిన. గల్లీ గట్లనే ఉంది, అమ్మ గట్లనే ఉంది. ఒక్కటే, గా కాలు జర సక్కగ చెయ్యి. పిల్లకు గదే ఉండనీ."

అంతే. వస్తానని లేదు, రానని లేదు. నేను ఫోన్ పట్టుకొని "ఏందిది? వస్తుండా లేదా? గా మాట చెప్పడేంది?" అని అరిచాను.

"చెప్పిండు గదన్నా" అంది వినోద. "వచ్చెటోడైతే కాలు ఎందుకు సక్కచెయ్యమంటడు?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం దేనికి, ఏడ్చాను. బయట ఇద్దరు గిరాకీలు ఉన్నారు, వాళ్లను తర్వాత రమ్మన్నాను. వినోద ఏడవలేదు. కళ్లు మాత్రం ఎర్రగా, పొడిగా ఉన్నాయి. "ఇన్నేండ్లల్ల ఆయన నన్ను ఒక్కటి అడగలే" అంది. "ఇయ్యాల గిదొక్కటి అడిగిండు."

గళ్లు మళ్లీ దిద్దే పని కూడా లేకపోయింది. జితేందర్ ముందు పంపింది ఫోన్‌లోనే ఉంది, రెండు కాళ్లతో టకటకా నడిచేది. కాలీడ్చే ఆటను తీసేసింది. తీసేసే ముందు ఒక్కసారి ఆడించుకుంది. బస్టాండ్ నుంచి తలుపు దాకా, మెల్లగా, మధ్యలో ఎక్కడా ఆపకుండా.

నెలాఖరు గడిచిపోయింది. క్షమాభిక్ష ముగిసిందని పేపర్లో చిన్న వార్త వేశారు. డేవిడ్ మామూలుగా ఫోన్ చేస్తున్నాడు, మంచం మీద కూర్చొని, గడ్డం నుంచి ఛాతీ దాకా. గడువు సంగతి అతను ఎత్తడు, ఈమె ఎత్తదు.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం రూత్ బడి నుంచి వచ్చి, సంచీ పడేసి, "ఆట అయిందా మమ్మీ" అని అడిగింది. వినోద ఫోన్ ఇచ్చింది. పిల్ల స్టూలు మీద కూర్చొని మీట నొక్కింది. గళ్ల మనిషి బస్టాండ్‌లో దిగాడు. చౌరస్తా దాటాడు. రెండు మోకాళ్లూ చక్కగా వంగుతున్నాయి. లారీ పక్కనుంచి వచ్చాడు, గల్లీలోకి తిరిగాడు, తలుపు తెరుచుకుంది. రూత్ మళ్లీ మొదటినుంచి ఆడింది. ఈసారి బొటనవేలు మీట మీద పెట్టి, కాళ్లనే చూస్తూ ఆడింది.

"మమ్మీ, డాడీ కాలు మంచిగైంది."

వినోద తల తిప్పింది.

"నేను సండే స్కూల్‌ల ప్రార్థన చేయించిన" అంది రూత్. మొహం వెలిగిపోతోంది. "టీచరమ్మ కూడ చేసింది, పిల్లలందరు చేసిండ్రు. కాలు మంచిగైతెనే డాడీ వస్తడని అందరికి చెప్పిన. మంచిగైంది గద, ఇగ వస్తడు. నానమ్మకు చెప్పొస్త."

ఫోన్ చేతిలోనే పట్టుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి ఉరికింది. వినోద కుర్చీలోంచి సగం లేచింది. పిలవడానికి నోరు తెరిచింది. పిల్ల మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది.